పాట ముందొచ్చింది, పేరు తర్వాత తెలిసింది: చెయ్యి వేసిన అందరికీ దండాలు

పాటలు కట్టి పాడే తెలంగాణ కవి గోరటి వెంకన్న పాట మీరు మొదట యాడ విన్నారో గుర్తుంటే చెప్పండి అని పోయిన నెల అడిగినా. పదిమంది పలికితే చాలనుకున్నా. ఆదోని నుంచి ఆత్మకూరు దాకా ఫోన్లే ఫోన్లు. కొందరు వాయిస్ మెసేజ్‌లు పెట్టినారు, ఒకాయన ఏకంగా తెల్లకాగితం మీద రాసి బస్సులో కండక్టరు చేతికిచ్చి పంపినాడు. మొన్న ఆదివారం సాయంత్రం కర్నూలు పాతబస్తీలో ఒక మిద్దె మీద చాపలేసుకొని కూర్చొని అవన్నీ వినుకున్నాం. దీనికి సాయపడినవాళ్ళకు పేరుపేరునా చెప్పుకోవాల. కానీ చాలామంది పేర్లు మాత్రం రాయొద్దప్పా అన్నారు. అందుకే ఊరితో, పనితో చెప్తున్నా. ఎవరి మాట వాళ్ళకు తెలుస్తుంది.

ముందు చెప్పుకోవాల్సింది పాత బస్టాండు దగ్గర రేడియో రిపేరు చేసే అన్నకు. మా చిన్నాయన దగ్గర పాటల క్యాసెట్లు రెండు సంచులు ఉండేవి. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రి రెండూ ఊరి మీదికి వచ్చినప్పుడు ఒక సంచి బురదలో పోయింది. అటక మీద ఉన్నది మిగిలింది. అందులో పైన ఏమీ రాయని క్యాసెట్టు ఒకటి ఉంది, దాంట్లో వెంకన్న పాటలు ఉన్నాయని చిన్నాయన చెప్తాండె. టేపు రికార్డరు తీస్తే లోపల రబ్బరు బెల్టు కరిగి తారు మాదిరి అంటుకొని ఉంది. అన్న స్పిరిటు పెట్టి అదంతా తుడిచి, కొత్త బెల్టు ఎక్కించినాడు. అయినా పాట నీళ్ళ కింద నుంచి వచ్చినట్టు వినపడె. క్యాసెట్టు విప్పి చూస్తే టేపును హెడ్డుకు ఆనించే చిన్న మెత్త ఊడిపోయింది. ఇంకో పాత భక్తిపాటల క్యాసెట్టు మెత్త తీసి దీనికి అతికించినాడు. హెడ్డు తుడిచి, ఇయర్‌ఫోను రంధ్రం నుంచి వైరు గుంజి కంప్యూటరుకు కలిపి పాటలన్నీ ఎక్కించి ఇచ్చినాడు. డబ్బులు ఎంత అంటే, "నేను గూడ విన్న్యా కదన్నా, చాల్లే" అన్నాడు. ఆ మాటకు ఏం చెప్పాలో తెలీక టీ తెప్పించినా.

ఇంక జ్ఞాపకాలు. వీటి గురించి కొంచెం ఎక్కువే రాస్తా, ఓపిక పట్టండి.

కోసిగి దిక్కు నుంచి ఒకామె మాట్లాడింది. ఆ పక్క పల్లెల్లో పనుల్లేని కాలంలో సుగ్గికి, అంటే వలస పనులకు పోయేది అందరికీ తెలిసిందే. గుంటూరు దిక్కు మిరపకాయలు కోసేకి, లేకుంటే పట్నంలో బిల్డింగు పనులకు. ఆమె పెండ్లయిన కొత్తలో హైదరాబాదుకు పోయినారంట. రేకుల షెడ్లలో పక్కనే పాలమూరు వాళ్ళు. రాత్రి అన్నం తిన్నాక వాళ్ళలో ఒకాయన గొంతెత్తి పాడతాంటే, ఈ పక్క షెడ్లలో వంటపాత్రలు తోమేవాళ్ళు చేతులు ఆపి వినేవాళ్ళంట. పల్లె గురించిన పాట. ఎవరు కట్టినారో పాడినాయనకు తెల్దు, విన్న ఈమెకూ తెల్దు. చానా ఏండ్లకు కూతురు ఫోన్లో చూపించి ఈయనే రాసింది అని చెప్తే, "ఈయప్ప మా పక్క షెడ్డులో ఉన్నట్టే ఉండాడే" అన్నదంట. మిద్దె మీద ఈ మాట వినిపించినప్పుడు అందరూ నవ్వినారు. పక్కింటి జేజి ఒకతె మాత్రం కండ్లు తుడుచుకున్నది. ఆమె కూడా సుగ్గికి పోయొచ్చిన మనిషే.

చానామంది "పల్లె కన్నీరు పెడుతుందో" పాట పేరే చెప్పినారు. అందులో ఆశ్చర్యం లేదు. "కుబుసం" సినిమాలో వచ్చినాక ఆ పాట ఎక్కని మైకు సెట్టు, వాయించని టీ హోటలు లేదు. ఒకాయన ఫైట్లు ఉంటాయని సినిమాకు పోయి పాట పట్టుకొని బయటికొచ్చినాడంట. రిటైరైన ఆర్టీసీ డ్రైవరు ఒకాయన మహబూబ్‌నగర్ రూట్లో బండి నడిపేటప్పుడు టీ ఆపే చోట విన్నాడు. ఆ పాట అయ్యేదాకా హారను కొట్టేవాడు కాదంట. ప్యాసింజర్లు ఏమీ అనలేదా అని అడిగితే, "వాళ్ళూ వింటాండిరి ల్యా" అన్నాడు.

పత్తికొండ దిక్కు సారు చెప్పింది ఇంకో రకం. ఎండిపోయిన వాగు మీద వెంకన్న కట్టిన పాటను ఆయన ఏడో తరగతి పిల్లలకు పాడి వినిపించినాడు. పిల్లలు విని, "ఇది మన హంద్రి పాట కదా సార్" అన్నారంట. ఆయన కాదు అని చెప్పలేదు. కృష్ణకు అవతలి ఊరి మనిషి తన వాగు మీద రాసుకుంటే మనకు హంద్రి కనపడింది. ఆ ఎండిన ఇసుకలో నడిచి బడికి పోయిన పిల్లలకు వేరే ఏం కనపడతాది?

దీని మీద మిద్దె మీద చిన్న గొడవే అయ్యింది. వెంకన్నది నాగర్‌కర్నూలు జిల్లా గౌరారం. తుంగభద్ర దాటి, బీచుపల్లి కాడ కృష్ణ దాటి పోతే ఆయన సీమ. తెలంగాణ కవిని మనోడు అని ఎట్లంటారని ఒకరు, నల్లమల రెండు పక్కలా ఉందిలే అని ఇంకొకరు. 2014 నుంచి తుంగభద్ర అవతల వేరే రాష్ట్రమే. ఆయన తెలంగాణ మాటతో, తెలంగాణ కష్టంతో రాసినాడు. అది ఆయనదే. దాన్ని గుంజుకొని మనది అనాల్సిన పని లేదనేది నా మాట. వింటే మన గుండె కదిలింది, అంతవరకు మనది. ఈ మాటకు ఒప్పుకోనివాళ్ళు ఇంకా ఫోన్లు చేస్తానే ఉన్నారు. చేయండి, నాకేం ఇబ్బంది లేదు.

అన్నిటికంటే నేను ఎక్కువగా నవ్వింది గ్రూప్స్‌కు చదివే ఒక పాప మాట విని. కరెంట్ అఫైర్స్‌లో బిట్టు: 2021 కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు, తెలుగులో ఎవరికి, ఏ పుస్తకానికి? జవాబు: గోరటి వెంకన్న, "వల్లంకి తాళం". ఆమె దాన్ని బట్టీ పట్టి నోటుబుక్కులో ఎర్రపెన్నుతో గీత కూడా గీసింది. పరీక్షలో ఆ బిట్టు రాలేదు. తర్వాతెప్పుడో హాస్టల్లో ఎవరో గల్లీల్లో బతికే పేదోళ్ళ మీది పాట పెడితే, బాగుంది ఎవరిది అని అడిగిందంట. పేరు చెప్తే, "అరె, ఈయన నాకు తెలుసు, నా బిట్టు" అని అరిచింది. ఇప్పుడు ఆమె దగ్గర ఆయన పుస్తకాలు "అలసెంద్రవంక", "రేలపూతలు" కూడా ఉన్నాయి. మా అందరిలో పాటకంటే పేరు ముందు తెలిసింది ఈ పాపకొక్కదానికే.

ఈ మాటలన్నిటినీ విని టైపు చేసిచ్చింది కోడుమూరులో జిరాక్స్ షాపు నడిపే చెల్లెలు. యాడ, ఏంది, పోతాంటిమి, ఎవరు ఎట్లా అంటే అట్లే కొట్టింది. ఒక్క మాట గూడ దిద్దలేదు. నీకు చానా రుణపడినాం తల్లీ. చాపలు, నీళ్ళ క్యాన్లు, కరెంటు అన్నీ చూసుకున్న మిద్దె ఇంటి పెద్దమ్మకు, అడగకుండానే ఉగ్గాని బజ్జి పొట్లాలు కట్టించి పంపిన హోటలు అన్నకు, బాక్సులు బాడుగ లేకుండా ఇచ్చిన మైకు సెట్టు పిలగాళ్ళకు దండాలు. సౌండు తగ్గించండి అంటే తగ్గించిన మొదటి మైకు సెట్టు వాళ్ళు వీళ్ళే, ఇది గూడ రాసిపెట్టాల.

ఆ సాయంత్రం రాలేనివాళ్ళకు: టైపు చేసిన కాగితాలు కోడుమూరు షాపులోనే ఉన్నాయి, జిరాక్స్ ఖర్చు పెట్టుకొని ఎవరైనా తీసుకోవచ్చు. మీ మాటల్లో ఏదైనా తీసేయాలంటే ఇప్పుడే చెప్పండి. బస్సులో కాగితం పంపిన పెద్దాయనా, మీరు ఊరి పేరు గూడ రాయలేదు, మీ కాపీ ఎవరి చేతికియ్యాలో ఒక ఫోన్ కొట్టండి.

ఇంకొకటి. చిన్నాయన క్యాసెట్టు రెండో పక్కన వెంకన్న పాటలు అయిపోయినాక ఒక ఆడమనిషి కోతల పాట పాడింది. వెనకాల గాజుల చప్పుడు, కుక్క అరుపు ఉన్నాయంటే ఎవరో ఇంట్లోనే పట్టినట్టుంది. గొంతు మన పడమటి మండలాలదే అనిపిస్తాంది. చిన్నాయనకు గుర్తు లేదు. అడిగినవాళ్ళకు ఆ ముక్క పంపిస్తా. ఎవరైనా గుర్తుపడితే చెప్పండి, ఆమెకో ఆమె పిల్లలకో ఒక కాపీ ఇయ్యాల.