రేషన్ కార్డు తీసేసే ముందు మనిషి వెళ్లి చూడాలి: పౌరసరఫరాల మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ రాష్ట్ర పౌరసరఫరాల శాఖ మంత్రి గారికి,

నమస్కారం.

విషయం: కంప్యూటర్ సరిపోల్చిన వివరాలతో ఆహార భద్రత కార్డుల రద్దు గురించి.

రాష్ట్రం ఏర్పడిన తర్వాతి ఏళ్లలో తెలంగాణలో దాదాపు 19 లక్షల రేషన్ కార్డులు రద్దయ్యాయి. కంప్యూటర్ అనర్హులని చెప్పిందన్న ఆధారంతో, నోటీసు కూడా ఇవ్వకుండా తీసేశారన్న పిటిషన్ మీద 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆ కార్డులను క్షేత్రస్థాయిలో మళ్లీ పరిశీలించమని ఆదేశించింది. సొంత కారు ఉందని రికార్డులో చూపించి నిరుపేదల కార్డులు తీసేసిన సంగతులు ఆ తర్వాత బయటికొచ్చాయి. ఇప్పుడు మళ్లీ అదే దారిలో పడే ప్రమాదం ఉంది కాబట్టే రాస్తున్నాం. 2025లో కేంద్రం సవరించిన ప్రజాపంపిణీ (రేషన్) నియంత్రణ ఉత్తర్వు ప్రకారం ఆరు నెలలు సరుకు తీసుకోని కార్డును తాత్కాలికంగా నిలిపి, మూడు నెలల్లోగా అర్హత తేల్చాలి. ఆ తేల్చే పని ఇంటికి వెళ్లి చేస్తారా, సర్వర్ గదిలో కూర్చుని చేస్తారా అన్నదే మా ప్రశ్న.

కంప్యూటర్లు వద్దని మేం అనడం లేదు. రేషన్ షాపులో వేలిముద్ర తీసుకునే ఈ-పాస్ మిషన్ వచ్చాక డీలరు కార్డుదారు లేకుండానే ‘బియ్యం ఇచ్చాను’ అని రాసుకోవడం కష్టమైంది. మహబూబ్‌నగర్ నుంచి వచ్చి హైదరాబాద్‌లో మేస్త్రీ పని చేసుకునే కుటుంబం దగ్గర్లోని షాపులో వేలిముద్ర వేసి తన వాటా తీసుకోగలుగుతోంది. కాగితం కార్డుల కాలంలో ఊహకే అందనిది ఇది. కాకపోతే సరుకు ఇచ్చేటప్పుడు మనిషిని గుర్తుపట్టడం ఒక పని, ఆ మనిషి పేదవాడో కాదో నిర్ణయించడం వేరే పని. రెండో పనికి ఈ వ్యవస్థ ఎందుకు సరిపోదో వివరంగా చెప్పాలి.

వేర్వేరు శాఖల రికార్డులను కలిపి చూడటానికి మన ప్రభుత్వం వాడిన సమగ్ర వేదిక లాంటి సాఫ్ట్‌వేర్ చేసేది పేర్లూ చిరునామాలూ జత కలపడం. పాత ఆర్సీల్లో, పాత ఇంటిపన్ను రికార్డుల్లో ఆధార్ నంబరు ఉండదు. అందుకని పేరు, తండ్రి పేరు, ఊరు, ఇంటి నంబరు పోల్చి ఒక మార్కు వేస్తుంది. మార్కు ఒక గీత దాటితే ఇద్దరూ ఒకరే అంటుంది. మన పేర్ల దగ్గరే ఇది తడబడుతుంది. ఇంగ్లిషులో రాసేటప్పుడు లక్ష్మి ఒకచోట కె, ఎస్, హెచ్‌లతో ఉంటుంది, ఇంకోచోట ఎక్స్‌తో ఉంటుంది. ఇంటిపేరు ఒక రికార్డులో ముందు, ఇంకోదానిలో వెనక, మరోదానిలో ఒక్క అక్షరం. ఆడవాళ్లకు ఒకచోట తండ్రి పేరు, ఇంకోచోట భర్త పేరు. మహమ్మద్‌ను ఎండీ అనీ, షేక్‌ను ఎస్‌కే అనీ కుదిస్తారు. ఇవన్నీ కలవాలంటే గీతను కిందికి దించాలి. దించితే ఒకే మండలంలో ఉన్న ఇద్దరు బి. లక్ష్ములు, నలుగురు ఎండీ ఖాజాలు ఒక్కరైపోతారు. మామూలు పేర్లున్న పేదలకు, ముఖ్యంగా ముస్లిం బస్తీల్లో ఉండేవారికి, దెబ్బ ఎక్కువ తగిలేది ఇక్కడే. ఒకే ఇంటి నంబరులో ఆరు వాటాలు అద్దెకు ఉంటే ఓనరు కారు కిరాయిదారు ఖాతాలో పడే అవకాశమూ ఉంది.

జత సరిగ్గా కుదిరినా రికార్డే పాతదైతే ఏం చేస్తారు? పాత బండి అమ్మేటప్పుడు ఫారం 29, ఫారం 30 మీద సంతకాలు పెట్టి తాళం ఇచ్చేస్తారు. కొన్నవాడు ఆర్టీఏకు వెళ్లి పేరు మార్పించుకోకపోతే అమ్మినవాడే ఏళ్ల తరబడి యజమాని. భూమి సంగతి ఇంకా చిక్కు. సాదా బైనామా మీద, అంటే రిజిస్ట్రేషన్ లేని తెల్లకాగితం మీద, అమ్మేసిన చేను పాత పట్టాదారు పేరుమీదే ఉంటుంది. అన్నదమ్ములు పంచుకున్న పొలం పెద్దవాడి పాసుబుక్కులోనే నిలిచిపోతుంది. అర్హతకు మన పరిమితి మాగాణి అయితే 3.5 ఎకరాలు, మెట్ట అయితే 7.5 ఎకరాలు. బోరు ఎండిపోయిన అయిదెకరాలను రికార్డు ఇంకా మాగాణిగా చూపిస్తే ఆ రైతు అనర్హుడు.

లెక్క కూడా చూడండి. రాష్ట్రంలో 90 లక్షల కార్డులు అనుకుందాం. నూటికి ఒక్కటే తప్పినా 90 వేల ఇళ్లు. మనిషికి ఆరు కిలోల చొప్పున నలుగురున్న ఇంటికి నెలకు 24 కిలోల సన్నబియ్యం ఆగిపోతాయి. అనర్హుడి చేతిలో కార్డు మిగిలిపోతే ప్రభుత్వానికి ఆ కాస్త బియ్యం ఖర్చు. అర్హుడి కార్డు పోతే ఆ ఇంట్లో పొయ్యి మీదికి ఎసరెక్కదు. ఈ రెండు తప్పులనూ ఒకే తూకం వేయడం మాకు అన్యాయంగా తోస్తుంది.

తప్పు జరిగిందని ఆ కుటుంబానికి తెలిసేది కూడా షాపు దగ్గరే. డీలరు కార్డు నంబరు కొడతాడు, మిషన్‌లో పేర్లు రావు, ‘మీ కార్డు ఆన్‌లైన్‌లో లేదు’ అంటాడు. ఎందుకు పోయిందో ఆయనకూ తెలియదు. మీసేవ వాళ్లు తహసీల్దార్ ఆఫీసుకు పొమ్మంటారు, అక్కడివాళ్లు జిల్లా పౌరసరఫరాల అధికారి దగ్గరికి పంపుతారు. తిరిగిన ప్రతిరోజూ కూలి పోయినట్టే. నిజానికి ప్రభుత్వ నిర్ణయానికి కారణాన్ని బాధితులకు చెప్పడం సమాచార హక్కు చట్టం 2005, సెక్షన్ 4(1)(డి) కింద ప్రభుత్వ బాధ్యత. అడిగితే చెప్పడం కాదు, అడగకుండానే చెప్పాలి.

కాబట్టి మా కోరికలివి. సాఫ్ట్‌వేర్ అనుమానించిన కార్డును రద్దు జాబితాలో వేయకుండా ‘పరిశీలనలో’ అనే కొత్త స్థితిలో ఉంచండి. ఆ స్థితిలో బియ్యం యథావిధిగా రావాలి. నోటీసు తెలుగులో, ఉర్దూలో ఇంటికి చేరాలి. ‘అనర్హులు’ అన్న ఒక్క మాట సరిపోదు. ఏ శాఖ రికార్డు, బండి నంబరులో చివరి నాలుగు అంకెలు, ఏ గ్రామంలో ఏ సర్వే నంబరు అన్నది అందులో ఉండాలి. అవి చూస్తే ‘ఈ బండి నాది కాదు’ అని చదువురాని మనిషి కూడా పక్కవాళ్లతో చదివించుకుని చెప్పగలుగుతారు. జవాబుకు 30 రోజులు ఇవ్వండి. ఆ తర్వాత రెవెన్యూ ఇన్‌స్పెక్టర్ (ఆర్‌ఐ) స్థాయి అధికారి ఇంటికి వెళ్లి, చూసింది రాసి, కుటుంబంతో సంతకం గానీ వేలిముద్ర గానీ తీసుకోవాలి. రద్దు ఉత్తర్వు మీద అధికారి పేరు, హోదా ఉండాలి. తప్పు తేలితే ఆగిన నెలల బియ్యానికి ఆహార భద్రత చట్టం 2013, సెక్షన్ 8 కింద భత్యం చెల్లించాలి. ఆ తప్పు సమాచారం రవాణా, రెవెన్యూ శాఖలకు వెనక్కి వెళ్లి అక్కడా సరిదిద్దాలి. లేదంటే మరుసటి ఏడాది అదే పేరు మళ్లీ వస్తుంది.

వాడేముందు పరీక్ష కూడా పెట్టించండి. జిల్లాకు 500 కార్డులు చీటీ తీసినట్టు ఎంచి, సాఫ్ట్‌వేర్ ఏమందో చెప్పకుండా సిబ్బందిని ఇళ్లకు పంపి, రెండు ఫలితాలూ పోల్చి, తప్పుల శాతాన్ని మండలాలవారీగా వెబ్‌సైట్‌లో పెట్టండి. సాఫ్ట్‌వేర్ ఇచ్చిన కంపెనీతో ఒప్పందంలో బయటి ఆడిట్‌కు ఒప్పుకునే షరతు ఉండాలి. ‘వ్యాపార రహస్యం’ అన్న జవాబు పేదవాడి బియ్యం విషయంలో చెల్లకూడదు.

వీటిలో ముఖ్యమైన పనికి కొత్త చట్టం అక్కర్లేదు. కమిషనర్ ఆఫీసు నుంచి ఒక మెమో, ఈ-పాస్ సర్వర్‌లో ఒక స్టేటస్ కోడ్ చాలు. ఏ షాపులో ఏ కార్డుకు ఎంత కోటా అని రాసే వచ్చే నెల కీ రిజిస్టర్ తయారయ్యేలోపు ఆ మెమో ఇప్పించండి. ఈలోగా నిలిపేసిన కార్డుల సంఖ్యను, కారణాలవారీగా, జిల్లాలవారీగా బయటపెట్టండి.

ఇట్లు,
ఆహార హక్కు, ప్రభుత్వ డేటా వ్యవస్థల మీద పనిచేస్తున్నవారం