పోటు వేళ చూసుకుని పిల్లల్ని నడిపించండి

తల్లిదండ్రులకు నమస్కారం.

రెండో శనివారం జరిగిన సంగతి గురించి ఊళ్ళో అందరూ మాట్లాడుకుంటున్నారు. వాట్సాప్ గ్రూపులో "పిల్లలు ఏట్లో చిక్కుకున్నారట" అని మొదలై, సాయంత్రానికి "కొట్టుకుపోబోయారట" దాకా వెళ్ళింది. జరిగింది జరిగినట్టు నేనే రాస్తే మంచిదనిపించింది.

ఆరు, ఏడు తరగతుల పిల్లల్ని మడ అడవి చూపించడానికి తీసుకెళ్ళాం. ఉదయం ఎనిమిదిన్నరకి పాయ దాటేటప్పుడు నీళ్ళు చీలమండల దాకా కూడా లేవు. పదిన్నర ప్రాంతంలో ఏడో తరగతి అమ్మాయి ఒకతె నా కొంగు పట్టుకుని లాగింది. "మేడమ్, ఆకు చూడండి" అంది. అప్పటిదాకా సముద్రం వైపు కొట్టుకుపోతున్న తిల్ల అనే మడ చెట్టు ఆకు ఒకటి, ఉన్నచోటే ఓ సుడి తిరిగి మెల్లగా మా వైపు రావడం మొదలుపెట్టింది. "పోటు తగిలింది, వెళ్ళిపోదాం" అంది. అంటే సముద్రం నీళ్ళు పాయలోకి ఎక్కడం మొదలైందన్నమాట. ఆ అమ్మాయి తాతగారు చేపల వేటకి వెళ్ళే మనిషి. ఇంకో అరగంట ఉందాం అన్నది నేనే. ఆ అరగంట గంటన్నర అయింది. తిరిగొచ్చేసరికి పాయలో నీళ్ళు పిల్లల నడుము లోతుకి వచ్చేశాయి. ఎవర్నీ నీళ్ళలో దిగనివ్వలేదు. గట్టు మీదే కూర్చోబెట్టాం. అటుగా వచ్చిన వేటగాళ్ళు తమ నావలో ఐదుగురేసి పిల్లల్ని దాటించారు. ఒంటిగంటకి ఇంటికి రావాల్సిన పిల్లలు నాలుగింటికి వచ్చారు. అక్కడ సిగ్నల్ లేక మీకు ఫోన్ చెయ్యలేకపోయాం. ఆ మూడు గంటలు మీరు పడిన టెన్షన్‌కి క్షమించమని అడుగుతున్నాను. తప్పు నాది. ఆ అమ్మాయిది మాత్రం పెద్దవాళ్ళకి కూడా లేని చూపు.

ప్రోగ్రెస్ కార్డులు సంతకం చేసి సెలవుల్లోపు పంపండి. ముగ్గుల పోటీ శుక్రవారం, రంగులు బడిలోనే ఇస్తాం. రెండో టర్మ్ ఫీజు సంగతి ఆఫీసులో అడగండి.

"ఇక ఇలాంటి నడకలు మానెయ్యండి" అని కొందరు రాశారు. మానను. "బురదలో ఏముంది చూడ్డానికి" అని ఒకరు రాసిన మాట నాకు కష్టంగా తోచింది. మీలో చాలామందికి 1996 నవంబరు 6 రాత్రి గుర్తుండే ఉంటుంది. తెల్లారేసరికి కొబ్బరి తోటలు నేలకొరిగిన కోనసీమని మనం కళ్ళారా చూశాం. 1839లో వచ్చిన తుపాను కోరంగి రేవునే ముంచేసింది. సముద్రం మన మీదికి వచ్చినప్పుడు ముందు నిలబడేది ఆ బురదలోని చెట్లే. ఉప్పునీళ్ళలో నిలబడి, ఊపిరి కోసం వేళ్ళని మేకుల్లా పైకి పొడిచి, అల వేగాన్ని తగ్గించి, ఒడ్డు మట్టిని జారిపోకుండా పట్టుకుంటాయి. మనం తినే రొయ్య, పీత పిల్లలుగా పెరిగేది ఆ వేళ్ళ మధ్యనే. బావురు పిల్లి, నీటికుక్క బతికేదీ అక్కడే. ఉప్పు పొన్న గింజ చెట్టు మీద ఉండగానే మొలకెత్తి, పొడుగ్గా వేలాడి, కిందపడితే బురదలో గుచ్చుకుంటుందని పుస్తకంలో చదివిన పిల్లాడికీ, దాన్ని వేలితో ముట్టుకున్న పిల్లాడికీ చాలా తేడా ఉంది. ఎక్కడి జంతువుల పేర్లో గుక్కతిప్పకుండా చెప్పే మన పిల్లలు మన మడ చెట్లు తెల్లమడనీ నల్లమడనీ గుర్తుపట్టలేకపోతే నాకు చాలా బాధగా ఉంటుంది.

గుర్తుపట్టినవాళ్ళూ ఉన్నారు. క్లాసులో నోరు విప్పని ఆరో తరగతి అబ్బాయి, స్నేహితుడు తిల్ల కొమ్మ విరవబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపాడు. దాని పాలు కంట్లో పడితే కళ్ళు పోతాయని చెప్పాడు. నిజమే. ఆ రోజంతా మా టీచర్లకి చెట్లు చూపించింది వాడే. ఇంకో అమ్మాయి ఒకే ఒక డెక్క పెద్దదిగా ఉండే పీత దాన్ని ఊపుతుంటే అరగంట కదలకుండా కూర్చుని బొమ్మ వేసింది. ఆ బొమ్మ నా గదిలో గోడకి పెట్టాను, వచ్చి చూడండి.

ఈ సంక్రాంతి సెలవుల్లో మీరే పిల్లల్ని తీసుకెళ్ళండి. చిన్నపిల్లలుంటే కోరంగి అభయారణ్యం మేలు. కాకినాడ నుంచి యానాం వెళ్ళే దారిలోనే ఉంది, మడ చెట్ల మధ్యలోంచి చెక్కల బాట వేశారు. పాటు వేళ, అంటే నీళ్ళు వెనక్కి తీసినప్పుడు వెళితేనే వేళ్ళూ పీతలూ కనిపిస్తాయి. అంతర్వేదిలో స్వామి దర్శనం చేసుకుని వెంటనే బండెక్కకండి. లైట్‌హౌస్ మీదుగా గోదావరి పాయ వశిష్ట సముద్రంలో కలిసే చోటి దాకా నడిపించండి. అక్కడ మాత్రం స్నానానికి దిగొద్దు, ఏటి లాగుడు పైకి కనపడదు. నరసాపురం వైపు నుంచి వచ్చేవాళ్ళు పంటు మీద, అంటే మనుషుల్నీ బండ్లనీ దాటించే పెద్ద పడవ మీద, ఏరు దాటడమే పిల్లలకి సగం పండగ. జనవరి నుంచి మన తీరానికి ఆలివ్ రిడ్లే తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి వస్తాయి. ఉదయాన్నే వెళితే ఇసుక మీద ట్రాక్టరు టైరు జాడలా వాటి దారి కనిపిస్తుంది. గుడ్లు తవ్వకూడదు, రాత్రి టార్చి వెయ్యకూడదు. అది 1972 వన్యప్రాణి చట్టం కింద రక్షణ ఉన్న ప్రాణి. ఎక్కడికీ వెళ్ళలేకపోతే మీ ఊరి కాలువ గట్టు చాలు, సాయంత్రం ఐదింటికి బయల్దేరండి.

పోటు వేళ ముందురోజే తెలుసుకోండి. రోజుకి దాదాపు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది, కాబట్టి నిన్నటి వేళ ఇవాళ పనికిరాదు. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో నీరు మరీ ఎక్కువగా ఎక్కుతుంది.

ఇంకొక్క మాట, దయచేసి ఏమీ అనుకోకండి. ఆ రోజు ఏడుగురు పిల్లలు ఏమీ తినకుండా వచ్చారు, సంచుల్లో మాత్రం చిప్స్ ప్యాకెట్లు నిండుగా ఉన్నాయి. ఒక బాబు కొత్త తెల్ల బూట్లతో వచ్చాడు. "పాడు చేస్తే ఊరుకోనని అమ్మ చెప్పింది" అని గట్టు దిగనే లేదు, తోటివాళ్ళంతా పీతల చుట్టూ మూగితే వాడు దూరం నుంచే చూశాడు. రెండు వీధుల అవతల ఇల్లున్న పిల్లల్ని కూడా రోజూ బండి మీద గేటు దాకా దింపుతున్నారు. వాళ్ళు కిలోమీటరు నడిచేసరికి కాళ్ళు నొప్పులని కూర్చుండిపోతున్నారు. మీ ప్రేమ నాకు అర్థమవుతుంది. కానీ అన్నం తినిపించడానికి ఫోన్ చేతికిచ్చే అలవాటు పదకొండేళ్ళ పిల్లలకి కూడా ఉందంటే, మీరే ఆలోచించండి.

బడి తెరిచాక మొదటి శనివారం ఉదయం తొమ్మిదింటికి ఆ అమ్మాయి తాతగారు బడికి వస్తామన్నారు. పోటు, పాటు ఎలా లెక్కపెట్టాలో పిల్లలకి చెబుతారు. ముందు వరసలో నేనూ కూర్చుంటాను. మీకూ కుర్చీలు వేయిస్తాం, రండి.

ఇట్లు,
మీ ప్రధానోపాధ్యాయురాలు