ఫీబే పరిచారకురాలా, మినిస్టరా?

ఎడిటర్ గారికి నమస్కారమండి. మహిళా దినోత్సవం వస్తే పేపర్లన్నిటిలో అవే నాలుగైదు పేర్లు, ఈసారైనా హెలెన్ బారెట్ మాంట్‌గోమరీ గురించి ఓ ముక్క వెయ్యండి. అమెరికాలో రోచెస్టర్ ఆవిడది, 1921లో నార్తర్న్ బాప్టిస్ట్ కన్వెన్షన్ అనే బాప్టిస్టు చర్చిల సంఘానికి ప్రెసిడెంట్ అయిన మొదటి మహిళ, అప్పటికి అక్కడ దేశమంతా ఆడవాళ్లకి ఓటు హక్కు వచ్చి ఏడాదే. 1924లో గ్రీకు నుంచి బైబిల్లో కొత్త నిబంధన మొత్తం ఇంగ్లీషులోకి తనే అనువదించింది.

అందులో నాకు నచ్చింది ఒక్క మాట. పౌలు రోమా సంఘానికి రాసిన పత్రికలో 16:1 తీయండి, అక్కడ ఫీబే అనే స్త్రీ పేరుంటుంది. మన తెలుగు బైబిల్లో ఈమె ‘సంఘ పరిచారకురాలు’, మాంట్‌గోమరీ మాత్రం అక్కడ మినిస్టర్, అంటే చర్చి సేవకురాలిగా హోదా ఉన్న మనిషి, అని పెట్టింది. గ్రీకులో డయాకొనోస్ అనే మాటే పౌలుకి కూడా వాడారు కదా, మరి ఆయనకొచ్చేసరికి పరిచారకుడంటే పెద్ద హోదా, ఫీబేకొస్తే వంటా వడ్డనా అన్నట్టు చదువుతాం!

మనకి సంబంధం లేదనుకోకండి. లూసీ పీబాడీతో కలిసి ఆసియాలో ఆడపిల్లల కాలేజీలకి ఈవిడ ఫండ్స్ పోగుచేసింది, వాటిలో మద్రాసు విమెన్స్ క్రిస్టియన్ కాలేజీ, వెల్లూరు మెడికల్ స్కూలు ఉన్నాయి. ఆ పీబాడీ గారేమో 1880ల్లో మద్రాసులో మన తెలుగువాళ్ల మధ్యే మిషనరీగా చేసినావిడ.

మా చర్చిలో సండే స్కూలు, ఉపవాస ప్రార్థనలు, చందా వసూళ్లు అన్నీ ఆడవాళ్లవే, ప్రసంగానికి మాత్రం ఏడాదికి ఒక్క ఆదివారం ఇస్తారు, అదీ టైమైపోతోందని మైకు దగ్గర చీటీ పెడతారు.

ఇట్లు,
మీ పాఠకురాలు, ఒంగోలు