గ్రో లైట్ పెట్టె మీద అసలు లెక్క రాయాలి

సంపాదకులకు నమస్కారం.

పెట్టె మీద ‘1000 వాట్లు’ అని చూసి చాలామంది గ్రో లైట్ (మొక్కలు పెరగడానికి పెట్టే లైటు) కొనేస్తున్నారు. అది పాత రకం బల్బుతో పోల్చి వేసిన అంకె; లైటు నిజంగా వాడుకునే కరెంటు 100 వాట్లే కావచ్చు. ల్యూమెన్లు మన కంటికి కనిపించే వెలుగుకు కొలత. మొక్క వాడుకునేది 400-700 నానోమీటర్ల కాంతి. చదరపు మీటరు మీద అది సెకనుకు ఎంత పడుతుందో చెప్పేదే పీపీఎఫ్‌డీ. నీడపట్టు మొక్కలకు 50-100 మైక్రోమోల్స్ (పీపీఎఫ్‌డీని కొలిచే ప్రమాణం), ఆకుకూరలకు సుమారు 200, టమాటాకు 400 పైన కావాలి. ఏ ఎత్తులో కొలిచారో చెప్పకపోతే పీపీఎఫ్‌డీ అంకెకు విలువ లేదు: చిన్న బల్బును రెట్టింపు దూరం జరిపితే వెలుగు దాదాపు నాలుగో వంతుకు పడిపోతుంది.

ఊదారంగు వెలుగే కావాలన్నది అపోహ. 4000-6500 కెల్విన్ (వెలుగు రంగును చెప్పే కొలత) తెల్ల ఎల్‌ఈడీ చాలు. పైగా ఆకు పసుపెక్కినా, పురుగు పట్టినా ఆ వెలుగులో ఇట్టే తెలుస్తుంది. ఆకుకూరలకు టైమర్ పెట్టి రోజుకు 12-14 గంటలు వెలిగించాలి. కాడ సన్నగా సాగి కణుపుల మధ్య ఎడం పెరిగితే వెలుగు చాలట్లేదు, లైటు దించాలి. లైటుకు దగ్గరున్న ఆకులే పాలిపోతే ఎక్కువైంది, రెండేసి అంగుళాలు పైకి జరుపుతూ కొత్త చిగురు చూడాలి.

తయారీదారులు అసలు వాట్లు, పీపీఎఫ్‌డీ, కొలిచిన ఎత్తు పెట్టె మీదే ముద్రించాలి.

- ఒక పాఠకుడు