విశ్వావసు ఉగాది నుంచి పరాభవ ఉగాది వరకు: మన తెలుగు సంఘం వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం. పరాభవ నామ సంవత్సర శుభాకాంక్షలు.

సర్వసభ్య సమావేశంలో కార్యదర్శి నివేదిక చదవాలన్నది మన నియమం. 2025 మార్చి 30న విశ్వావసు ఉగాదికి మీరు నాకు ఈ బాధ్యత ఇచ్చారు. అప్పటి నుంచి మొన్న మార్చి 19 ఉగాది దాకా జరిగిన పని ఇందులో ఉంది. సంఘం ఆశయాలు మీకు కొత్తగా చెప్పక్కర్లేదు. తూర్పు లండన్‌లో మనవాళ్లు పండక్కి కలవాలి, కష్టానికి కూడా కలవాలి అనుకునే దీన్ని పెట్టుకున్నాం. ఈ సంవత్సరం కష్టం వైపు పని చాలా ఎక్కువైంది. అందుకే పండగల గురించి కాస్త తక్కువ రాస్తున్నాను, ఏమీ అనుకోవద్దు.

బతుకమ్మ, దీపావళి, సంక్రాంతి మూడూ బాగా జరిగాయి. సద్దుల బతుకమ్మ నాడు వాన పడినా హాలు నిండిపోయింది. పూలు తెచ్చిన వదినలకి, ముగ్గుల పోటీ నడిపిన అక్కలకి, రాత్రి పదకొండింటి దాకా కుర్చీలు సర్దిన పిల్లలకి పేరుపేరునా ధన్యవాదాలు. తెలుగు బడి ఆదివారాలు ఆగకుండా నడిచింది. ఆ మాస్టారు గారికి, టీచరమ్మలకి సంఘం ఎంతో రుణపడి ఉంది.

ఇక అసలు విషయానికి వస్తాను. అద్దె ఇల్లు ఖాళీ చేయమని నోటీసు వచ్చిన కుటుంబాలు ఈ ఏడాది మన దగ్గరికి వరసగా వచ్చాయి. దానికి కారణం అందరికీ తెలిసిందే. అద్దెకుండేవాళ్ల హక్కుల కోసం తెచ్చిన రెంటర్స్ రైట్స్ చట్టానికి 2025 అక్టోబర్ 27న రాజు ఆమోదం వచ్చింది. 2026 మే 1 నుంచి ఇంగ్లండ్‌లో కారణం చెప్పకుండా ఖాళీ చేయించే సెక్షన్ 21 నోటీసు ఉండదు. అది పోయేలోపే నోటీసు ఇచ్చేద్దామని తొందరపడ్డ ఓనర్లు మాకు చాలామంది తగిలారు. వాళ్లలో మనవాళ్లూ ఉన్నారని రాయడానికి బాధగా ఉంది.

ఆగస్టులో ఒక శనివారం ఒక చెల్లెలు హాలుకి వచ్చింది. ఆమె కోరిక మేరకు పేరు రాయడం లేదు. స్కూలు వంటగదిలో పని చేస్తుంది, భర్తది గోడౌన్‌లో నైట్ షిఫ్టు, ఇద్దరు పిల్లలు. చీరల షాపు కవర్లోంచి కాగితాలు ఒక్కొక్కటే తీసి బల్ల మీద పెట్టింది. నోటీసు కాగితం మూలన కుంకుమ మరక ఉంది. ఏంటమ్మా అంటే, వచ్చిన రోజున భయపడి దేవుడి పటం వెనక పెట్టేశానంది. భర్తకి కూడా వారం దాకా చెప్పలేదట. రెండు నెలల గడువులో మాకు చేరేసరికి మిగిలింది పంతొమ్మిది రోజులు.

ఆ లోపు ఆమె రెండుసార్లు కౌన్సిల్‌కి, అంటే మన స్థానిక ప్రభుత్వ ఆఫీసుకి, వెళ్లింది. రెండుసార్లూ కౌంటర్ దగ్గర ఒకటే మాట: "బెయిలిఫ్‌లు వచ్చే తేదీ తెలిశాక రండి." బెయిలిఫ్‌లంటే కోర్టు ఆర్డర్‌తో వచ్చి ఇల్లు ఖాళీ చేయించేవాళ్లు. ఈ మాట మన సభ్యుల్లో చాలామంది విన్నారు, విని తలొంచుకుని ఇంటికొచ్చారు. కానీ చట్టంలో ఉన్నది ఇది కాదు. 2018 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న హోమ్‌లెస్‌నెస్ రిడక్షన్ చట్టం ప్రకారం, చెల్లుబాటయ్యే సెక్షన్ 21 నోటీసు ఉండి దాని గడువు 56 రోజుల్లో ముగుస్తుంటే, ఆ కుటుంబం ఇల్లు పోయే ప్రమాదంలో ఉన్నట్టే లెక్క. అర్హత ఉన్నవాళ్లయితే ఇల్లు పోకుండా సాయం చేయాల్సిన బాధ్యత కౌన్సిల్ మీద అప్పుడే పడుతుంది. వాళ్ల పరిస్థితి కనుక్కోవాలి, ఏం చేయబోతున్నారో ఒక ప్లాన్ రాసి చేతికివ్వాలి. ఇల్లు పోయాక మరో 56 రోజులు కొత్త చోటు వెతకడంలో సాయం చేయాలి. పిల్లలు ఉన్నవాళ్లకి, గర్భిణులకి, గృహహింస వల్ల ఇల్లు వదిలినవాళ్లకి, వయసు వల్లో జబ్బు వల్లో తట్టుకోలేని స్థితిలో ఉన్నవాళ్లకి ప్రాధాన్యం ఉంటుంది. అలాంటివాళ్లకి నిలువ నీడ లేకపోతే తాత్కాలికంగా ఉండే చోటు కూడా చూపించాలి.

సోమవారం పొద్దున్నే ఆ చెల్లెలితో నేనూ, మన ఉపాధ్యక్షురాలు గారూ వెళ్లాం. నోటీసు కాపీ, అద్దె ఒప్పందం, మూడు నెలల జీతం స్లిప్పులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, పిల్లల స్కూలు ఉత్తరాలు, వీసా హోదా చూపించే కాగితం, అన్నీ ఒకే ఫైల్లో వరసగా పెట్టాం. పైన ఒక్క పేజీ ఉత్తరం, అందులో నోటీసు ముగిసే తేదీ పెద్ద అక్షరాల్లో. మళ్లీ అదే మాట వచ్చింది. "సరేనమ్మా, ఇప్పుడు దరఖాస్తు తీసుకోవడం కుదరదని రాసివ్వండి" అని ఉపాధ్యక్షురాలు గారు నెమ్మదిగా అడిగారు. కౌంటర్‌లో ఉన్న అమ్మాయి లోపలికి వెళ్లింది. నలభై నిమిషాల తర్వాత వేరే ఆఫీసర్ వచ్చి దరఖాస్తు తీసుకున్నారు. ఆయన మర్యాదగానే మాట్లాడారు, పని కూడా చేశారు. మొదటిసారే అలా చేసి ఉంటే ఆ తల్లి రెండు రోజుల జీతం పోగొట్టుకునేది కాదు.

చివరికి వాళ్లకి వచ్చింది కౌన్సిల్ ఇల్లు కాదు. ఇది సభ్యులు సరిగ్గా అర్థం చేసుకోవాలి. కౌన్సిల్ ఇళ్ల వెయిటింగ్ లిస్టు లండన్‌లో ఏళ్ల తరబడి నడుస్తుంది. నోటీసు చూపించగానే తాళాలు ఇస్తారనుకుంటే నిరాశే. వీళ్లకి కౌన్సిల్ డిపాజిట్ డబ్బు, మొదటి నెల అద్దె కట్టి, బస్సులో ఇరవై నిమిషాల దూరంలో ఇంకో ప్రైవేటు ఇల్లు కుదిర్చింది. పిల్లలు స్కూలు మారలేదు. నాకైతే అదే పెద్ద గెలుపు.

ఇంకో కుటుంబం సంగతి వేరు. ఓనర్‌దీ ఆ భర్తదీ ఒకే జిల్లా. "మంచిగా ఖాళీ చేస్తే రెఫరెన్స్ ఇస్తా, కోర్టు దాకా పోతే మన పరువే పోతుంది" అన్నాడట. వీళ్లు గడువుకి రెండు వారాల ముందే తాళాలు ఇచ్చేసి, స్నేహితుల హాల్లో పరుపులు వేసుకున్నారు. తర్వాత కౌన్సిల్‌కి వెళ్తే, చివరికి వచ్చిన నిర్ణయం "మీరు కావాలనే ఇల్లు వదులుకున్నారు" అని. ఆ ఉత్తరం మీద రివ్యూ అడగడానికి 21 రోజులే గడువు. వాళ్లు మా దగ్గరికి పద్దెనిమిదో రోజున వచ్చారు. ఆ రాత్రే ఒక సొలిసిటర్ గారికి కాగితాలు పంపాం, మర్నాడు రివ్యూ దరఖాస్తు వెళ్లింది. రెండు నెలలకి నిర్ణయం మారింది. ఆ రెండు నెలల్లో ఆ ఇల్లాలు పడ్డ టెన్షన్ నేను కళ్లారా చూశాను.

మన ఇళ్లల్లో కోర్టు గుమ్మం ఎక్కడమంటే తప్పు చేసినట్టు. ఇక్కడ అది నిజం కాదు. నోటీసు గడువు ముగిసిన రోజున మీ అద్దె హక్కు ముగిసిపోదు. ఓనర్ కోర్టుకి వెళ్లి ఆర్డర్ తెచ్చుకోవాలి, ఆ ఆర్డర్‌తో బెయిలిఫ్‌లని అడగాలి, వాళ్లు వచ్చే తేదీ మీకు ముందే ఉత్తరంగా రావాలి. ఈ లోపు తాళం మార్చినా, సామాన్లు బయట పెట్టినా 1977 నాటి చట్టం కింద నేరం. కోర్టు ఖర్చులు అద్దెదారు మీద పడే అవకాశం ఉంది కాబట్టి ఊరికే మొండికేయమని నేను చెప్పడం లేదు. తాళాలు ఇచ్చే ముందు ఒక్కసారి సలహా అడగండి, అంతే.

మూడో కుటుంబానికి నోటీసే చెల్లలేదు. డిపాజిట్ తీసుకున్న 30 రోజుల్లో ప్రభుత్వం గుర్తించిన మూడు స్కీముల్లో ఏదో ఒకదాంట్లో పెట్టాలి. మన వాలంటీర్ తమ్ముడు మూడు వెబ్‌సైట్లలోనూ వెతికాడు, ఎక్కడా లేదు. ఆరేళ్లుగా అద్దె చేతికే ఇస్తున్నారు, రసీదు లేదు. "మనవాడే కదా అన్నా" అన్నారు. మనవాడైనా సరే అద్దె బ్యాంకు ద్వారానే పంపండని ప్రతి మీటింగులోనూ చెబుతున్నాను. డిపాజిట్ కాపాడని ఓనర్ సెక్షన్ 21 వాడలేడు, పైగా డిపాజిట్‌కి మూడింతల వరకు జరిమానా పడొచ్చు. వాళ్లు ఇప్పటికీ ఆ ఇంట్లోనే ఉన్నారు.

స్కిల్డ్ వర్కర్ వీసా, స్టూడెంట్ వీసా మీద ఉన్నవాళ్లకి ఒక మాట. మీ వీసాలో పబ్లిక్ ఫండ్స్ (ప్రభుత్వం ఇచ్చే సాయం) లేవని ఉంటే కౌన్సిల్ ఇంటికి గానీ, ఇల్లు పోయినవాళ్లకి ఇచ్చే సాయానికి గానీ దరఖాస్తు పెట్టకండి, వీసాకే ఇబ్బంది. సలహా మాత్రం అడగొచ్చు, కౌన్సిల్ ఉచిత సలహా ఎవరికైనా ఇవ్వాలి. ఇంట్లో చిన్నపిల్లలు ఉండి రోడ్డున పడే పరిస్థితి వస్తే, 1989 చిల్డ్రన్ యాక్ట్ సెక్షన్ 17 కింద సోషల్ సర్వీసెస్ వాళ్లు పరిశీలించాలి. ఇలాంటి ఒక కుటుంబానికి మన సభ్యుల్లో ఒక పెద్దాయన ఐదు వారాలు పై గది ఇచ్చి, పైసా తీసుకోలేదు. పేరు వద్దన్నారు. ఆయనకి, ఆ ఇంటి అమ్మగారికి చేతులెత్తి నమస్కారం.

ఈ సంవత్సరం నాకు అన్నిటికంటే గర్వంగా అనిపించింది నవంబర్‌లో పెట్టిన నోటీసు సలహా రోజు. పొద్దున పదింటికి తలుపు తీసేసరికే మెట్ల మీద జనం. సొలిసిటర్ గారు ఇంగ్లిష్‌లో చెబుతుంటే మన ఇద్దరు చెల్లెళ్లు తెలుగులోకి మార్చి చెప్పారు. నోటీసు వచ్చినా, కోర్టు కాగితం వచ్చినా ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత లాయర్ సలహా దొరుకుతుందని, 2023 ఆగస్టు నుంచి ఆ పథకం నడుస్తోందని ఆ రోజు హాల్లో ఉన్న సగం మందికి మొదటిసారి తెలిసింది. షెల్టర్, సిటిజన్స్ అడ్వైస్ అనే సలహా సంస్థల కరపత్రాలు పంచాం. వాటికంటే ముందు అయిపోయింది మన తెలుగు పేజీ. నోటీసు అందిన రోజున ఏం చేయాలో ఒకే కాగితం మీద పెద్ద అక్షరాల్లో రాశాం. ఒక మామ్మగారు దాన్ని అక్కడే చదువుకుని, "ఇది మా అబ్బాయికి కాదు నాయనా, నాకే కావాలి, ఇంట్లో పోస్టు తీసేది నేను" అని నాలుగు కాపీలు పట్టుకెళ్లారు. పులిహోర, పెరుగన్నం వండిన అన్నదాన బృందానికి, కాపీలు ఊరికే తీసిచ్చిన ప్రింటింగ్ షాపు అన్నకి, హాలు అద్దె తగ్గించిన మేనేజర్ గారికి ధన్యవాదాలు.

ఆ రోజుకి కౌన్సిల్ హౌసింగ్ ఆఫీసర్ ఒకరు వస్తామని ఒప్పుకున్నారు. ముందు వరసలో కుర్చీ వేసి ఉంచాం. రాలేదు, ఫోనూ చేయలేదు. తర్వాత మూడు ఈమెయిళ్లు పెట్టాను, జవాబు లేదు.

మనలో మనం కూడా ఒక మాట చెప్పుకోవాలి. పోయిన ఉగాదికి వాలంటీర్లు ఎవరంటే ఇరవై మందికి పైనే చేతులెత్తారు, ఫొటో కూడా దిగాం. డిసెంబర్ నాటికి శనివారాలు వస్తున్నది నలుగురు. సంక్రాంతి స్టేజీ మీద మైకు కోసం ఉన్న పోటీ, కౌన్సిల్ ఆఫీసులో ఒక కుటుంబం పక్కన రెండు గంటలు కూర్చోవడానికి లేదు. ఉద్యోగాలు, పిల్లలు అందరికీ ఉన్నాయి, నాకూ ఉన్నాయి. రాలేకపోతే ముందు రోజు ఒక మెసేజ్ పెట్టండి. జనవరిలో ఒక తల్లి మన వాలంటీర్ కోసం కౌన్సిల్ మెట్ల మీద చలిలో గంటన్నర నిలబడి, చివరికి ఒక్కతే లోపలికి వెళ్లింది. ఆ అమ్మకి సంఘం తరఫున నేను క్షమాపణ చెప్పాను. ఆ నలుగురూ ఎవరో మీకు తెలుసు. వాళ్లు ఇక్కడే ఉన్నారు, దయచేసి చప్పట్లతో అభినందించండి.

జమాఖర్చులు కోశాధికారి గారు విడిగా చదువుతారు. క్లుప్తంగా చెప్పాలంటే చందాలు దాదాపు పోయిన ఏడాదిలాగే వచ్చాయి, ఎక్కువ ఖర్చు హాలు అద్దెకి, సంక్రాంతికి. లెక్కలు తనిఖీ అయ్యాయి, కాపీలు తలుపు దగ్గర బల్ల మీద ఉన్నాయి.

రాబోయే నెలరోజులు జాగ్రత్తగా ఉండండి. ఏప్రిల్ 30 దాకా సెక్షన్ 21 నోటీసు ఇవ్వొచ్చు. అలా ఇచ్చిన నోటీసుతో కోర్టుకి వెళ్లడానికి ఓనర్‌కి జూలై 31 దాటి అవకాశం లేదు. మే 1 తర్వాత ఇల్లు అమ్ముకోవాలన్నా, తామే వచ్చి ఉండాలన్నా నాలుగు నెలల నోటీసు ఇవ్వాలి, కోర్టులో కారణం చూపించాలి, అద్దెకి దిగిన మొదటి ఏడాది ఆ కారణాలతో ఖాళీ చేయించలేరు. తెలుగు పేజీలో ఈ మార్పులు రాయడం మొదలుపెట్టాం, ఏప్రిల్ రెండో శనివారానికి కొత్త కాపీలు వస్తాయి.

సలహా బల్ల ప్రతి శనివారం పదింటి నుంచి ఒంటిగంట దాకా అదే హాల్లో, వంటగది పక్క గదిలో ఉంటుంది. నోటీసు ఫొటో సరిపోదు, కాగితం, కవరు రెండూ తీసుకురండి, అందిన తేదీ కవరు మీద రాసి ఉంచండి. ఫైళ్లున్న అల్మారాకి ఇప్పుడు ఒకటే తాళంచెవి, అది నా దగ్గరే ఉంది. రెండోది చేయిస్తున్నాను. మే నెల శనివారాలు తీసుకునేవాళ్లు సమావేశం అయ్యాక నా దగ్గర పేరు రాయించి అది తీసుకోవచ్చు.

కార్యదర్శి