జనరల్ బజార్ గాజుల అక్కకు కృతజ్ఞతలు

సికింద్రాబాద్ జనరల్ బజార్‌లో ఒక పాత బట్టల కొట్టు గోడమీది పెయింటింగ్ బోర్డును బాగుచేస్తున్నాను. సున్నం గోడకు వైరు బ్రష్ తగిలితే పెచ్చులూడతాయి. మెత్తటి కుంచెతో దుమ్ము దులిపి, మిగిలిన అక్షరాల అంచులు ట్రేసింగ్ పేపర్ మీదికి ఎత్తుకున్నాకే రంగు ముట్టుకోవాలి. అదీ ఎండ ముదరకముందే.

ఆ రోజు మా ఆయన డ్యూటీకెళ్లారు, అత్తమ్మకు జ్వరం. పాపను వెంట తేక తప్పలేదు. నేను పరంజా మీద, తను కింద. ఒకటే టెన్షన్.

అక్కా, మీరు అడక్కుండానే పాపను మీ బండి దగ్గర కూర్చోబెట్టుకుని, ఇడ్లీ తినిపించి, గాజులు రంగుల వారీగా పేర్చడం నేర్పారు. నేను నిశ్చింతగా 'శ' వంపు పూర్తిచేశాను. ఫ్లెక్సీలు వచ్చాక ఇలాంటి అక్షరాలు ఎన్ని పోయాయో! ఇది నిలిచిందంటే మీ చలవే. మీ పేరైనా అడగలేదు. మళ్లీ కలిస్తే మా ఇంటికి భోజనానికి రావాలి, కాదనకండి.