స్వెట్టర్ల ధర పెంచాం, తోరణం ఆపేశాం: కారణాలు ఇవి

అందరికీ నమస్కారం. దసరా వెళ్ళినప్పటి నుంచి వరంగల్‌లోని మా చేతి అల్లిక దుకాణం ఫోనుకు వస్తున్న ప్రశ్నలు దాదాపు రెండే. మెడ చుట్టూ రంగుల వలయాలుండే యోక్ స్వెట్టరు ధర ఒక్కసారిగా రూ.4,300 నుంచి రూ.6,100 ఎందుకైంది? ఛాతీ మీద కాకతీయ కళాతోరణం (మన కోటలోని రాతి ద్వారం) బొమ్మ ఉన్న స్వెట్టరు ఈసారి జాబితాలో ఎందుకు లేదు? ఒక్కొక్కరికీ విడిగా జవాబు రాస్తుంటే అల్లడానికి చేతులు మిగలడం లేదు. అందుకే అంతా ఒకేచోట రాస్తున్నాను. కాస్త పొడుగ్గానే ఉంటుంది. అంత తీరిక లేనివారికి ముందే చెబుతున్నా: ధర తగ్గదు, తోరణం ఈ ఏడాది రాదు.

ముందు డబ్బు సంగతి. పెద్దవాళ్ళ స్వెట్టరులో సుమారు 60,000 కుట్లు ఉంటాయి. నమ్మకం కుదరకపోతే లెక్క వేసుకోండి. మా అల్లికలో 10 సెంటీమీటర్లకు 24 కుట్లు వస్తాయి. ఛాతీ చుట్టుకొలత 100 సెంటీమీటర్లయితే ఒక్క చుట్టుకు 240 కుట్లు. అలాంటి చుట్లు ఒంటి భాగానికే 160 దాటుతాయి, రెండు చేతులు ఆపైన. చెయ్యి తిరిగిన మనిషి సాదా అల్లిక నిమిషానికి 40 కుట్ల దాకా వేస్తుంది. రెండో రంగు చేతిలోకి వచ్చిందంటే ఆ వేగం సగానికి పడిపోతుంది. మెడ చుట్టూ మాత్రమే రంగుల పని ఉండే యోక్ స్వెట్టరుకే 40 గంటలు పడుతుంది.

పోయిన ఏడాది వరకు దానికి మేమిచ్చిన కూలి రూ.1,600. అంటే గంటకు 40 రూపాయలు. ‘ఆ డబ్బుకు కళ్ళు పోగొట్టుకోవడం నావల్ల కాదు’ అని మా దగ్గర అందరికంటే నీటుగా అల్లే ఆవిడ మొహం మీదే చెప్పేసింది. ఆవిడ మాటలో తప్పేమీ లేదు. ఇప్పుడు కూలి రూ.3,200. ఊలుకు రూ.1,800, ఉతికి ఆరబెట్టడానికి, ప్యాకింగుకు, దేశంలో ఎక్కడికైనా కొరియర్‌కు కలిపి రూ.500, దుకాణానికి రూ.600. మొత్తం రూ.6,100. ఇందులో ఏ అంకె ఎక్కువనిపించినా అడగండి, బిల్లులు చూపిస్తాను.

చలికాలం రాగానే రోడ్డు పక్కన వెలిసే దుకాణాల్లో ఆరేడు వందలకే స్వెట్టరు దొరుకుతుందని కొందరు గుర్తు చేశారు. దొరుకుతుంది. నేనూ కొంటాను, పొద్దున పాలకు వెళ్ళేటప్పుడు అదే తొడుక్కుంటాను. అది మరమీద తయారైన యాక్రిలిక్ సరుకు, దాని పని అది చేస్తుంది. నాకు చిరాకు కలిగించేది దాన్ని ‘ఊలు’ అని చెప్పి అమ్మడం. మీకు అనుమానం వస్తే అతుకు దగ్గర నుంచి ఒక పోగు లాగి, చిమటాతో పట్టుకుని అగ్గిపుల్ల అంటించి చూడండి. నిజమైన ఊలు వెంట్రుక కాలిన వాసన వేస్తుంది, మంట తీయగానే ఆరిపోతుంది, మిగిలిన బూడిద వేళ్ళ మధ్య నలిగిపోతుంది. యాక్రిలిక్ కరిగి నల్లటి గట్టి పూసవుతుంది. మా దగ్గర కొన్న దాన్నీ ఇలాగే పరీక్షించండి.

‘పదిమంది అల్లేవాళ్ళున్నారు కదా, ముక్కలు పంచుకుని తొందరగా ఇవ్వవచ్చు కదా’ అని కరీంనగర్ నుంచి ఒకరు సలహా ఇచ్చారు. మన ఊరి కొత్తవాడలో డర్రీ (నేల మీద పరిచే నూలు తివాచీ) నేసేచోట ఒకే మగ్గం ముందు ఇద్దరు పక్కపక్కన కూర్చోగలరు. రంగుల అల్లికలో ఆ పంపకం చెల్లదు. ఒక చుట్టులో రెండు దారాలు నడుస్తున్నప్పుడు కింది వైపు నుంచి వచ్చే దారం తాలూకు కుట్టు కొంచెం పెద్దదిగా పడి, ఆ రంగు ముందుకు కనిపిస్తుంది. ఒకావిడకు తెలుపు కిందుగా పట్టుకునే అలవాటు, ఇంకొకావిడకు ఎరుపు. ఒకే చార్టు (ఏ కుట్టుకు ఏ రంగో చూపే గళ్ళ బొమ్మ), ఒకే ఊలు ఇద్దరికీ ఇచ్చి చూస్తే ఒకరి చేతిలో తెల్లపూలు మెరిశాయి, మరొకరి చేతిలో అవే పూలు ఎరుపులో మునిగిపోయాయి. కుడి చెయ్యి ఒకరిది, ఎడమ చెయ్యి ఒకరిది అయితే తొడుక్కున్నాక తేడా ఇట్టే తెలుస్తుంది. అందుకని ఒక స్వెట్టరు మొదలుపెట్టిన మనిషే ముగించాలని నియమం పెట్టుకున్నాం. ఆవిడ ఇంట్లో పెళ్ళి వస్తే మీ స్వెట్టరు కూడా ఆ పెళ్ళయ్యే దాకా ఆగుతుంది.

ఇక తోరణం.

మన ఊరి పేరు చెప్పగానే అందరికీ అదే గుర్తొస్తుంది, రాష్ట్ర చిహ్నంలోనూ అదే ఉంది, కాబట్టి స్వెట్టరు మీద కోరుకోవడం సహజమే. ఇబ్బంది ఎక్కడంటే, మేము చేసే అల్లికకు, ఆ ఆకారానికి పొసగదు. స్కాట్లాండ్‌కు ఉత్తరాన షెట్లాండ్ దీవుల్లో ఫెయిర్ ఐల్ అని ఒక చిన్న దీవి ఉంది. ఈ పద్ధతికి ఆ పేరే స్థిరపడింది. (1920లలో వేల్స్ యువరాజు ఆ స్వెట్టరు వేసుకుని గోల్ఫ్ ఆడాక దానికి గిరాకీ పెరిగింది. మన తోరణానికి అలాంటి యువరాజు ఇంకా దొరకలేదు.) చూసేవాళ్ళకు పది రంగులున్నట్టు అనిపించినా ఒక్కో చుట్టులో ఉండేవి రెండే. అల్లికలో లేని రంగు ఆ కాసేపూ బట్ట వెనక నుంచి దారంగా సాగుతుంది. నాలుగైదు కుట్ల వెనక సాగితే బాధ లేదు. అంతకు మించితే వదులుగా వేలాడుతుంది, లేదంటే బిగిసి ముందువైపు ముడతలు తెస్తుంది.

తోరణానికి స్తంభాల మధ్య ఎంత ఖాళీ ఉందో ఒకసారి గుర్తు చేసుకోండి. 20 సెంటీమీటర్ల వెడల్పున బొమ్మ వేస్తే ఆ ఖాళీ ఒక్కటే పాతిక కుట్ల పైమాట. అంటే పాతిక కుట్ల పొడవునా వెనక దారం ఊగుతుంటుంది. నాలుగేసి కుట్లకు ఒకసారి మెలేసి బిగించవచ్చు కానీ, లేత రంగు నేల మీద ఆ మెలికలు చుక్కలు చుక్కలుగా బయటికి కనిపిస్తాయి. చిన్న పిల్లల స్వెట్టరులోనైతే వేళ్ళు ఆ దారాల్లో చిక్కుకుంటాయి. ఉంగరాలున్న పెద్దవాళ్ళ సంగతి చెప్పనక్కర్లేదు.

ఇంటార్సియా అనే ఇంకో దారి ఉంది. అందులో ప్రతి రంగు మడికీ వేరే దారపు ఉండ పెట్టుకుని, హద్దు దగ్గర దారాలు ఒకదానితో ఒకటి మెలేస్తారు. వెనక ఏమీ వేలాడదు. కానీ అతుకు లేకుండా గొట్టంలా గుండ్రంగా అల్లడం కుదరదు, ముందూ వెనకా పలకలుగా అల్లి కుట్టాలి. పోయినసారి మీలో కొందరికి వెళ్ళినవి అలా చేసినవే. అతుకుల పని అల్లేవాళ్ళెవరికీ ఇష్టం లేదు, నాకూ లేదు. ఇష్టం లేని పనికి గంటకు ఎంతిచ్చినా అందులో చేతి సొంపు రాదు. ఇది వ్యాపార కారణం కాకపోవచ్చు, అయినా నా కారణం ఇదే.

తోరణం మొత్తాన్ని తేలేకపోయినా దాని మీది హంసలను తేగలిగాం. అడ్డదూలం చివర్లలో కూర్చున్న హంసలను మీరు కోటలో చూసే ఉంటారు. మెడ వంపు, రెక్క, తోక కలిపి 12 కుట్లలో సరిపోయింది, ఎక్కడా ఒకే రంగు నాలుగు కుట్లకు మించి సాగదు. మొదట మామూలు గళ్ళ కాగితం మీద గీస్తే అల్లాక హంస బాతులా అణిగిపోయింది. అల్లికలో కుట్టు చతురస్రం కాదు, ఎత్తుకంటే వెడల్పు ఎక్కువ. మా గేజ్‌లో (10 సెంటీమీటర్లకు ఎన్ని కుట్లు, ఎన్ని వరుసలు అనే లెక్కలో) బొమ్మ దాదాపు అయిదో వంతు పొట్టిబడుతుంది. ఆదివారం మా గదిలో చేరే బృందంలో అది హంసా బాతా అని పెద్ద రగడే జరిగింది. కాజీపేట రైల్వే క్వార్టర్లలో ఉత్తరాది ఇరుగుపొరుగు దగ్గర అల్లిక నేర్చుకున్న ఒక రిటైర్డు టీచరు గారు చార్టు లాక్కుని మెడకు రెండు వరుసలు కలిపారు. అక్కడితో గొడవ సద్దుమణిగింది. హంసల వరుస ఇప్పుడు టోపీల మీద, స్వెట్టరు అంచు మీద దొరుకుతుంది.

ఈ ఏడాది నేను బాగా గర్వపడుతున్నది బతుకమ్మ యోక్. ఐస్‌లాండ్‌లో 20వ శతాబ్ది మధ్యలో రూపుదిద్దుకున్న గుండ్రటి యోక్ స్వెట్టర్లలో రంగుల పని మెడ చుట్టూ వలయాలుగా ఉంటుంది, పైకి వెళ్ళేకొద్దీ కుట్లు తగ్గుతాయి. బతుకమ్మ పేర్చడంలోనూ కింద వెడల్పు, పైకి సన్నం. కింది వలయం గునుగు: నిలువుగా సన్నటి తెల్లని కంకి, కొసన గులాబీ. ఆపైన తంగేడు, దాని మీద బంతి. కుట్లు తగ్గించడం పూల వరుసల్లో పెడితే పువ్వు విరిగిపోతుంది కాబట్టి రెండు వరుసల మధ్య వచ్చే సాదా చుట్టులోనే తగ్గించాం.

రంగులు కుదరడానికే ఎక్కువ కాలం పట్టింది. బంతి నారింజ మీద మిరప ఎరుపు గీత ఉండల్లో చూస్తే అదిరిపోయింది, అల్లితే ఏమీ కనపడలేదు. రెండు రంగులు ఎంత వేరైనా వాటి ముదురుదనం ఒకటే అయితే కొంచెం దూరం నుంచి చూసేసరికి కలిసిపోతాయి. ఇంట్లో అల్లేవాళ్ళకు ఇది పనికొస్తుంది: ఉండలను పక్కపక్కన పెట్టి ఫోనులో నలుపు తెలుపు ఫొటో తీయండి. రెండూ ఒకే బూడిద రంగులో కనిపిస్తే ఆ జత వద్దు. ఎరుపు తీసేసి ముదురు ఆకుపచ్చ పెట్టాక బంతి విచ్చుకుంది.

సైజుల గురించి. ఈ యోక్‌లో పూల వరుస 24 కుట్లకు ఒకసారి తిరిగి వస్తుంది, అంటే 10 సెంటీమీటర్లకు ఒకసారి. పువ్వును సగంలో కోయలేం కాబట్టి సైజు కూడా 10 సెంటీమీటర్ల చొప్పునే, అంటే సుమారు నాలుగేసి అంగుళాలు పెరుగుతుంది. 38, 42 ఉండి 40 లేకపోవడం మా బద్ధకం కాదు.

ముందు తెరుచుకునే కార్డిగన్‌కు రూ.900 అదనం. దాన్ని కూడా గొట్టంలా గుండ్రంగా అల్లి, తర్వాత మధ్యలో కత్తెరతో నిలువునా కోస్తారు. షెట్లాండ్ ఊలు గరుకు, పోగులు ఒకదాన్నొకటి పట్టుకుంటాయి, కోసినా ఊడవు. మేము వాడే మెరీనో గొర్రె ఊలు నున్నగా జారుతుంది. కాబట్టి కోసే గీతకు రెండు పక్కలా మిషన్ కుట్టు వేయాలి. మొదటిసారి కోసిన రోజున బృందంలో సగం మంది మొహం తిప్పేసుకున్నారు, మిగతా సగం వీడియో తీశారు. అదనపు డబ్బు మిషన్ కుట్టుకు, గుండీలకు, ఆ కత్తెర పట్టుకునే ధైర్యానికి.

వరంగల్‌లో ఉంటూ ఊలుతో ఏం చేసుకుంటాం అనేవాళ్ళ మాటా నిజమే. ఆదిలాబాద్, ఆసిఫాబాద్ వైపు వాళ్ళకు, డాలస్, షికాగోల్లో పిల్లల దగ్గరికి వెళ్ళే తల్లిదండ్రులకు ఉన్న అవసరం మనకు లేదు. రెండు దారాల అల్లిక రెండింతల మందంగా కూడా ఉంటుంది. ఒళ్ళంతా రంగుల పని ఉన్న స్వెట్టరును జాబితాలోంచి తీసేయడానికి అదొక కారణం. నూలుతో అదే పద్ధతి చేస్తే బాగుండదు. నూలుకు సాగే గుణం తక్కువ, ఏ చిన్న బిగువు తేడా అయినా పట్టిస్తుంది. నూలు బనియన్లకు మొజాయిక్ పద్ధతి వాడుతున్నాం: రెండు వరుసలకు ఒకే రంగు, అవసరమైన చోట కింది వరుస కుట్టును అల్లకుండా పైకి జరపడం. చేతుల్లేని ఈ బనియన్లు సంక్రాంతికి ముందు వస్తాయి, ధర రూ.2,400. ఏనుమాముల మార్కెట్‌కు పత్తి బళ్ళు బారులు తీరే ఊళ్ళో ఉండి, అల్లికకు కావలసిన మెత్తటి నూలు తమిళనాడు నుంచి తెప్పించుకుంటున్నాం. అదొక వింత.

మన దక్కనీ గొర్రె ఊలు వాడరేమని అడిగేవారికి: గొంగడికి దాన్ని మించింది లేదు, మెడకు మాత్రం గుచ్చుకుంటుంది. నల్లది, బూడిదది రంగు వేయకుండానే కలిపి సంచులు అల్లుతున్నాం. అవి బాగున్నాయి.

చార్టుల విషయం కొంచెం కటువుగానే చెప్పాలి. రూ.250 పెట్టి కొన్న చార్టుతో మీరు ఎన్నయినా అల్లుకోండి, బహుమతిగా ఇవ్వండి, అల్లినవి అమ్ముకోండి కూడా. చార్టు ఫొటో తీసి గుంపులకు పంపకండి. మా గునుగు చార్టును ఒకచోట వంద రూపాయలకు అమ్ముతున్నారని మీలోనే ఒకరు చూపించారు. ఆ చార్టును అల్లి సరిచూసిన అక్కలకు దాని అమ్మకంలో వాటా ఉంది. నష్టపోయేది వాళ్ళు. డబ్బు లేదంటే నాకు రాయండి, ఊరికే ఇస్తాను.

ఆర్డర్లు నవంబరు 15 వరకే తీసుకుంటాం. ఒక సరఫరాదారు ఒకే నంబరు రంగు అని రెండు వేర్వేరు లాట్ల (విడివిడిగా రంగు వేసిన విడతల) ఊలు కలిపి పంపితే, ఎండలో పెట్టాక గాని తేడా బయటపడలేదు. ఇకపై సీజన్‌కు కావలసిన ఊలంతా ఒకే లాట్‌లో ఒకేసారి కొంటున్నాం, అందుకు ఎన్ని స్వెట్టర్లో ముందే తెలియాలి. సగం డబ్బు ముందు, సగం పంపే ముందు. కొలతలు పంపేటప్పుడు ఒంటి కొలత వద్దు. మీకు బాగా సరిపోయే పాత స్వెట్టరును మంచం మీద పరిచి, చంకల కింద అడ్డంగా, భుజం నుంచి అంచు దాకా నిలువుగా కొలిచి ఆ రెండు అంకెలూ సెంటీమీటర్లలో రాయండి. టేపు కనిపించేలా ఒక ఫొటో కూడా పెడితే మళ్ళీ ఫోను చేసి అడగాల్సిన పని ఉండదు.